నొక్కే మిషను, కొట్టే మిషను

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, చొక్కా జేబులో ఒక పత్రిక ఇచ్చిన గుర్తింపు కార్డు, దాని పక్కన రాయడానికంటే కనపడడానికే ఎక్కువగా పనికొచ్చే పెన్ను. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే చుట్టుపక్కల వాళ్లకు ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుస్తోంది. ఎరువుల కొరత గురించి రైతులకు నేనే చెప్పేవాణ్ని. గొర్రెలకు వచ్చే రోగాల గురించి గొర్రెలు కాసేవాళ్లకు నేనే చెప్పేవాణ్ని. వాళ్లు తలలూపేవాళ్లు. (తలూపడం మర్యాదే గానీ ఒప్పుకోవడం కాదని తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది.) ఇన్నేళ్లలో నేను రాసిన వార్తల్లో తప్పని తేలి మర్నాడు సవరణ వేసుకున్నవి రెండో మూడో ఉంటాయి. సవరణ వేయాల్సి ఉండీ, ఎవరూ అడగకపోవడం వల్ల అట్లాగే మిగిలిపోయింది ఒకటుంది. అది మా ఇంటి వార్త.

మా అమ్మానాయనలు వింజమూరు పక్క పల్లెలో ఉండేవాళ్లు. నేను విలేఖరి పని పేరుతో ఉదయగిరిలో మా పెదనాయన ఇంట్లో మకాం పెట్టాను. మాది కమ్మరం చేసే కుటుంబం. మా నాయన కొలిమి వదిలి సేద్యంలోకి పోయాడు గానీ, పెదనాయన మాత్రం కొండ కింది వీధిలో, ఇంటి ముందరి పంచలోనే కొలిమి పెట్టుకుని బతుకుతున్నాడు. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్లకు సన్నటి చాకులు, మేకలు మేపేవాళ్లకు కొమ్మలు దించే దోటికత్తులు, సేద్యగాళ్లకు కొడవళ్లు. అన్నీ పల్చటి సరుకే. గొడ్డలి లాంటి మందపు పని రెండు నెలలకొకటి వస్తే గొప్ప. లారీల కింద వాడి పారేసిన కమాన్ పట్టీలు తెచ్చి, ముక్కలు చేసి, ఎర్రగా కాల్చి, సాగగొట్టి సాగగొట్టి, అంచును తమలపాకంత పల్చగా దింపడమే ఆయన విద్య.

ఆయన విద్య అంటున్నాను గానీ, అందులో బరువు భాగం మా పెద్దమ్మది. పెదనాయన ఎడంచేత్తో పటకారు పట్టుకుని, కుడిచేతిలోని చిన్న సుత్తితో ఇనుము మీద ఒక చోట తాటించేవాడు. ఆ మరుక్షణం అదే చోట పెద్దమ్మ చేతిలోని సమ్మెట పడేది. ఆయన మెల్లిగా తాటిస్తే మెల్లిగా, గట్టిగా తాటిస్తే గట్టిగా. ఆపమని చెప్పాలంటే సుత్తిని, ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మె అంచు మీద ఒకసారి దొర్లించేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ మొగుడూ పెళ్లాల మాటల్లో సగం ఆ సుత్తితోనే నడిచాయి. (మిగిలిన సగం తిట్లు.) ఊళ్లో ఆయనను కమ్మరాయన అనేవాళ్లు. ఆమెను కమ్మరాయన పెళ్లాం అనేవాళ్లు. నేను కూడా అంతకంటే ఎక్కువ ఆలోచించిన పాపాన పోలేదు.

ఒక ఎండాకాలం పొద్దున పెదనాయన సుత్తి తాటించాడు, సమ్మెట పడలేదు. ఇంకోసారి తాటించాడు. అయినా పడలేదు.

"ఏందిమే, నిద్రొస్తాందా?" అన్నాడు తలెత్తకుండానే.

పెద్దమ్మ ఎడంచేత్తో కుడిభుజం పట్టుకుని నిలబడి ఉంది. సమ్మెట కాళ్ల దగ్గర నేల మీద ఉంది. "చెయ్యి రాలా," అంది. "బిందె ఎత్తేదానికి సంక్రాంతి కాడినుంచే రాలా. సమ్మెటకు మాత్రం వస్తా ఉన్నింది. ఇప్పుడు దీనిక్కూడా రాలా."

అన్ని నెలలుగా ఆమె బిందె ఎత్తలేకపోతోందన్న సంగతి ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లకూ అప్పుడే తెలిసింది. అందులో ఒకడు ఊరి వార్తలన్నీ సేకరించేవాడు.

ఆత్మకూరులో డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకా సమ్మెట కొడతా పోయినావంటే ఈ చెయ్యి రొమ్ము కంటే పైకి లేవదమ్మా. అన్నం తినేదానికి వస్తాది, అంతే," అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ, సమ్మెటకు ఇంకెవరినైనా పెట్టుకోమని పెదనాయనకు సలహా ఇచ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా సుత్తి మాట ఇంకొకరికి అర్థమయ్యేలోపల నేనే పోతాను లేరా," అన్నాడు. కాసేపటికి, "మిషను తెచ్చేద్దాం," అన్నాడు. పెద్దమ్మ చేతిని ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది, లేదా నిద్రపోతున్నట్టు ఉంది.

ఆత్మకూరు పొలిమేరలో పాత మిషన్లు తెచ్చి అమ్మే ఆయన ఒకడుండేవాడు. అందరూ మిషన్ల మామ అనేవాళ్లు. ఆయన రేకుల షెడ్డులో మా పనికి తగినవి రెండున్నాయని తెలిసింది. ఒకటి పవర్ హ్యామర్. మోటారు తిరుగుతుంటే ఒక బరువైన సుత్తి గబగబా పైకి లేచి కింద పడుతుంటుంది. అంటే అలుపు లేని సమ్మెట. రెండోది హైడ్రాలిక్ ప్రెస్సు. అది కొట్టదు. నూనె ఒత్తిడితో రెండు ఇనుప దిమ్మెలు దగ్గరికొచ్చి మధ్యలోని ఇనుమును నొక్కుతాయి. ఏది తేవాలి అన్నది ప్రశ్న. ఇటువంటి ప్రశ్న ఊళ్లో పుడితే నేను ఊరుకుంటానా! నెట్ సెంటరుకు పోయి, గంటసేపు కూర్చుని, విదేశాల్లో సరదాకు కత్తులు చేసుకునే దొరలు ఈ రెండు మిషన్ల గురించి కొట్లాడుకున్న నాలుగు కాగితాలు ప్రింటు తీయించాను. వాటిలో సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగంలో నాకు నచ్చిన భాగాన్ని పెదనాయనకు తెలుగులో చదివి వినిపించాను.

నాకు నచ్చిన భాగం ఏమిటంటే, ప్రెస్సుకు చప్పుడు ఉండదు.

టీ అంగడి దగ్గర దీని మీద పెద్ద చర్చే జరిగింది. అక్కడ నాకు ఎదురు మాట్లాడింది ఒక్క జీవాల తాత. ఊరు పుట్టినప్పటి నుంచీ గొర్రెలూ మేకలూ కాస్తున్నట్టుండే మనిషి, పెదనాయన దోటికత్తులకు పాత గిరాకీ.

"ఇనుమును కొట్టాల గానీ నొక్కేదేందిరా? అదేమన్నా మేక పొదుగా?" అన్నాడు.

"లోకం మారింది తాతా. ఇప్పుడు అన్నీ ప్రెస్సులే."

"మారింది లేరా. మా మేకలకు ఇంకా తెలీలా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పవర్ హ్యామర్ పెడితే చుట్టుపక్కల గోడలు నెర్రెలిస్తాయన్నాను. పసిపిల్లలు ఉలిక్కిపడతారన్నాను. గుండె జబ్బు వాళ్ల సంగతేమిటని నిలదీశాను. (ఆ వీధిలో గుండె జబ్బు వాళ్లెవరో ఇప్పటికీ నాకు తెలియదు.) ఇన్ని కారణాలు చెప్పినవాడు అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను వార్తలు రాసుకునే బల్ల కొలిమి గోడకు ఆనుకుని ఉండేది. సమ్మెట పడినప్పుడల్లా బల్ల అదిరి, నా అక్షరాలు గీత దాటేవి. నెల్లూరు డెస్కుకు ఫోన్లో వార్త చెబుతుంటే అవతల డెస్కు సారు, "ఏందయ్యా, మీ ఊళ్లో రోజూ ఇళ్లు పడగొడుతుంటారా?" అని ఎగతాళి చేసేవాడు. అది ఒక కారణం. రెండోది ఇంకా సిగ్గుచేటు. మిషను కొనకముందే, అసలు చూడకముందే, నాకు వార్త శీర్షిక తట్టింది. 'సమ్మెటకు సెలవు.' చప్పుడు లేని కొలిమి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డ ఇల్లాలు. హ్యామర్ తెస్తే ఆ శీర్షిక ఎట్లా కుదురుతుంది? ఒక చప్పుడు పోయి ఇంకో చప్పుడు వస్తే అది వార్తేనా?

పెద్దమ్మను ఎవరూ అడగలేదు. నేను అడిగాననే అప్పట్లో అనుకున్నాను. "చప్పుడు లేకపోతే నీకూ హాయి గదా పెద్దమ్మా?" అన్నాను. అలా అనడమే అడగడమని నా నమ్మకం. "చప్పుడుతో నాకేం బాధ అబ్బయా," అంటూ ఆమె బియ్యం ఏరుకుంది. దాన్ని నేను ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

మిషన్ల మామ రెండింటినీ నడిపి చూపిస్తానన్నాడు, మీ ఇనుము మీరే తెచ్చుకోమన్నాడు. ఇక్కడ మా వాళ్ల పట్టింపు ఒకటి చెప్పాలి. ఇంకొకరి దాగలి మీద పని చూపించాల్సి వస్తే బరువైన ఇనుమే పెట్టాలి. పల్చటి ఇనుము పెడితే చేతిలో సత్తువ లేదని ఒప్పుకున్నట్టు. పెదనాయన తెల్లారి లేచినప్పటి నుంచి పాత సామాను కుప్ప తిరగేసి, ఎన్నేళ్లుగానో అక్కడ పడి ఉన్న ట్రాక్టరు ఇరుసు ముక్క ఒకటి బయటికి లాగాడు. మనిషి మోచెయ్యంత మందం ఉంది. అటువంటి ఇనుముతో ఆయన జన్మలో ఏ వస్తువూ చేయలేదు.

"అదెందుకయ్యా? రోజూ కొట్టేది తీసకపో," అంది పెద్దమ్మ.

"అంత దూరం పోయి కొడవలి ముక్క బయటికి తీస్తే ఏమనుకుంటారుమే? ఉదయగిరి కమ్మరికి కొడవళ్లు తప్ప రావనుకోరా?"

"చేసుకునేది ఆ కొడవళ్లే గదా."

"చేసుకునేది వేరు, చూపిచ్చేది వేరు. గమ్మునుండు."

నేను పెదనాయన పక్షమే. ఇరుసు ముక్కను గోనెసంచిలో వేసి భుజానికెత్తుకున్నది కూడా నేనే. బస్సెక్కేటప్పుడు పెద్దమ్మ చేతిలో సద్ది సంచి ఉంది. అందులో సద్దితో పాటు, పాత చీర గుడ్డలో చుట్టి, కొడవలికి కోసిన పట్టీ ఒకటి, గరిటెలు చెక్కే చాకు పట్టీ ఒకటి ఆమె పెట్టుకుందని అక్కడికి పోయాక గానీ మాకు తెలియలేదు.

మిషన్ల మామ బొగ్గుల పొయ్యి రాజేసి ఉంచాడు. ఇరుసు ముక్కను చూసి, "అబ్బో, అన్న గట్టి పనివాడే!" అన్నాడు. పెదనాయన మీసం కొంచెం లేచింది. ఇరుసు లోపలిదాకా కాగడానికి చాలాసేపు పట్టింది. దాన్ని పటకారుతో పట్టి ప్రెస్సు దిమ్మెల మధ్య పెట్టారు. మోటారు 'ఊఁ' అని మూలిగింది. పై దిమ్మె పెళ్లికూతురిలా తలొంచుకుని దిగింది. ఆ మోచెయ్యంత ఇనుము, సంగటి ముద్దను అరచేత్తో అదిమినట్టు, సద్దు లేకుండా అణిగిపోయింది. పెదనాయన నోరు తెరుచుకునే ఉంది. ముప్పై ఏళ్లు ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి, అది అట్లా మారుమాట లేకుండా లొంగిపోవడం చూసి, కొంచెం అవమానపడినట్టు కూడా కనిపించాడు.

తర్వాత అదే ముక్కను మళ్లీ కాల్చి హ్యామర్ కింద పెట్టారు. ధన్, ధన్, ధన్! రేకుల మీది దుమ్మంతా దిగి మా టీ గ్లాసుల్లో పడింది. చెవులు గింగురుమన్నాయి. ఇంత చేసి, ఆ ఇరుసు మీద నాలుగు సొట్టలు తప్ప ఏమీ కనపడలేదు. అంత మందానికి ఆ చిన్న హ్యామర్ చాలదు. మిషన్ల మామ ఆ మాట చెప్పబోయాడు కూడా. "ఇది పల్చటి పనికన్నా..." అని మొదలుపెట్టాడు. నేను అందుకుని, "చూసినావా పెదనాయనా! దేని బలమేందో తేలిపోలా?" అని అరిచాను.

హ్యామర్ కింద ఇనుము తీసేశాక కూడా అది ఊరికే తిరుగుతోంది. పెద్దమ్మ లేచి దాని దగ్గరికి పోయింది. ఎడమ అరచెయ్యి దాని ఒంటి మీద ఆనించి నిలబడింది. దెబ్బ దెబ్బకీ ఆమె తల చిన్నగా ఊగుతోంది. తర్వాత సద్ది సంచిలోంచి గుడ్డ మూట తీసి, మిషన్ల మామ ముందర విప్పింది.

"అన్నా, ఈ కొడవలి పట్టీ గూడా ఒకసారి రెండింట్లో పెట్టి చూస్తే..."

పెదనాయన ముఖం మాడిపోయింది. నేను గబగబా అడ్డం పోయాను. "ఉండు పెద్దమ్మా, పెద్దోళ్లు మాట్లాడుతుండారు గదా," అన్నాను.

పెద్దోళ్లంటే మిషన్ల మామ, పెదనాయన, నేను. ఆ షెడ్డులో అందరికంటే చిన్నవాణ్ని నేనే. పెద్దమ్మ నన్ను ఒకసారి చూసింది. కోపంగా కాదు, బియ్యంలో రాయి కనపడితే చూసినట్టు చూసింది. పట్టీలను మళ్లీ గుడ్డలో పెట్టి, మడత మీద మడత వేసి, సంచిలోకి తోసేసింది.

డబ్బు సంగతి వదిలేస్తాను. కూడింది, అంతే. ప్రెస్సు లారీలో వచ్చి దిగింది. పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టారు. నేను ఫోటో స్టూడియో నుంచి కెమెరా అడిగి తెచ్చాను. ప్రెస్సు పక్కన పెద్దమ్మను కొత్త చీరలో నిలబెట్టి, చేతులు కట్టుకోమన్నాను. కుడిచెయ్యి నొప్పితో సరిగ్గా మడతపడలేదు. "నవ్వు పెద్దమ్మా," అన్నాను. నవ్వింది. ఆ మిషను మీద ఒక్క చాకు కూడా తయారు కాకముందే వార్త నెల్లూరు చేరిపోయింది. 'సమ్మెటకు సెలవు.' మూడు కాలమ్‌లు, ఫోటోతో సహా. 'ఇక నేను కూర్చుని చూస్తూ ఉంటే చాలు, అంటోంది ఈ ఇల్లాలు ఆనందంగా' అని చివరి వాక్యం. ఆ మాట ఆమె అనలేదు. అనాల్సిన మాట అదేనని నాకు అనిపించింది. డెస్కు సారు ఫోన్ చేసి, "ఆ చివరి మాట బాగా పట్టినావయ్యా," అన్నాడు. పెదనాయన ఆ వార్తను కత్తిరించి, ఫ్రేము కట్టించి, కొలిమికి ఎదురు గోడకు తగిలించాడు.

మూడో రోజు మొదటి చాకు పని మొదలైంది. ఎర్రగా కాలిన పల్చటి పట్టీని ప్రెస్సు దిమ్మెల మధ్య పెట్టారు. దిమ్మెలు నింపాదిగా దిగాయి, నొక్కాయి, పట్టుకున్నాయి, నింపాదిగానే వదిలాయి. ఆ కాస్తలోనే పట్టీలోని వేడంతా దిమ్మెలు తాగేశాయి. ఎర్రగా లోపలికి పోయింది నల్లగా బయటికొచ్చింది. సాగింది మాత్రం గోరంత. మందపు ఇనుమైతే కడుపులో వేడి దాచుకుంటుంది, దానికి పర్వాలేదు. పల్చటి ఇనుముకు ఆ వసతి లేదు. దాన్ని ముట్టీ ముట్టకముందే వదలాలి, దెబ్బ వెంట దెబ్బ పడాలి. హ్యామర్ చేసే పని అదే. సమ్మెట చేసే పనీ అదే. మళ్లీ కాల్చారు, మళ్లీ నల్లబడింది. నాలుగోసారికి పట్టీ అంచు నెర్రె ఇచ్చింది.

పెదనాయన పటకారు పట్టుకుని ప్రెస్సు వైపు చాలాసేపు చూశాడు. "ఇది పని చేసేది కాదురా," అన్నాడు చివరికి. "కావిలించుకునేది."

నాకు నవ్వొచ్చింది. తలుపు దగ్గర పెద్దమ్మ కనపడగానే ఆగిపోయింది. 'నేను చెప్పలా' అన్న మాట ఆమె ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆమె మూలనున్న సమ్మెటను ఎడంచేత్తో ఈడ్చుకొచ్చి, రెండు చేతులా పట్టుకుని, దాగలి ముందు నిలబడింది. "దా, ఆరిపోతాంది," అంది. డాక్టరు మాట ముగ్గురికీ గుర్తుంది. ముగ్గురమూ ఎత్తలేదు. పెదనాయన సుత్తి తాటించాడు.

వారం తిరక్కుండా నేను ఆత్మకూరు పోయి మిషన్ల మామను బతిమాలాను. ఆయన మంచివాడు. "నేను ఆ పొద్దే చెప్పబోతి గదా తమ్ముడూ, నువ్వు చెప్పనిస్తే గదా. తెచ్చి ఇచ్చేయండి, హ్యామర్ తీసకపోండి," అన్నాడు. ఆ వార్త మోసుకుని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. పెదనాయన గోడ మీది ఫ్రేము చూపించాడు.

"పేపర్లో పడింది గదరా."

"పడితే?"

"పేపర్లో పడినాక వెనక్కిస్తే ఊరంతా ఏమంటాది? కమ్మరాయనకు మిషను కొనేదానికి గూడా తెలివి లేదనరా? నిన్ను మాత్రం ఊరకుంటారా, అబద్ధాలు రాసినాడనరా?"

ఇంకోసారి అడిగి ఉంటే ఆయన ఒప్పుకునేవాడని నాకు తెలుసు. ఒకటికి రెండుసార్లు చెబితే వినే మనిషే. నేను ఇంకోసారి అడగలేదు. నా మొదటి మూడు కాలమ్‌ల వార్త తప్పని నా నోటితో నేనే చెప్పాలి, డెస్కు సారుకు చెప్పాలి, మిషను మారితే ఆ చప్పుడు వీధి వీధికీ చెబుతుంది. నేను గమ్మునుండిపోయాను. ఇంతవరకూ నవ్వుతూ చదివినవాళ్లు ఇక్కడ నవ్వకపోయినా నేనేమీ అనుకోను.

ఆ తర్వాత మా కొలిమిలో ఒక నాటకం మొదలైంది. పేపరు చదివి మిషను చూడటానికి జనం వచ్చేవాళ్లు. వీధి మలుపులో ఎవరైనా కనపడితే పెదనాయన, "మేయ్, దాయి దాయి!" అనేవాడు. పెద్దమ్మ సమ్మెటను గోనెసంచి కింద తోసి, పైన బొగ్గులు పోసి, చేతులు కట్టుకుని ప్రెస్సు పక్కన నిలబడేది, అచ్చం ఫోటోలో లాగా. పెదనాయన ఇరుసు ముక్కను దిమ్మెల మధ్య పెట్టి నొక్కి చూపించేవాడు. ఆ ఒక్క ముక్క ఎంతమంది కోసం నలిగిందో, చివరికి అప్పడంలా అయింది. (అంతకు మించి ఆ ప్రెస్సు ఆ ఇంట్లో ఏమీ తయారు చేయలేదు.) ఒకరోజు జీవాల తాత దోటికత్తి కోసం వచ్చాడు. ఆయన వచ్చేలోపు సమ్మెట గోనె కిందికి చేరింది.

"ఇప్పుడు మోగింది ఏంది?" అన్నాడు తాత.

"మిషనే," అన్నాడు పెదనాయన.

"దానికి చప్పుడు లేదని పేపర్లో రాసుండారే?"

పెదనాయన నా వైపు చూశాడు. నేను నా పెన్ను వైపు చూశాను. తాత ప్రెస్సు చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. పెద్దమ్మ కొప్పు కిందనుంచి కారుతున్న చెమటను చూశాడు. ఆయాసానికి ఎగిరిపడుతున్న రొమ్మును చూశాడు. "ఏం మిషనమ్మా ఇది," అన్నాడు ఆమెతో, "ఇనుము దీంట్లో పెడితే చెమట నీకు పడతాదే!" పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి మేమూ నవ్వాము, తప్పు ఏదో తీరిపోయినట్టు. తాత కత్తి తీసుకుని పోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె మళ్లీ గోనె ఎత్తింది.

నాలుగేళ్లు అట్లా నడిచింది. ఇంత కాలం ఎట్లా నడిచిందని మీరు అడగొచ్చు. రోజూ ఒక కొడవలే గదా, ఈ పంట గడిస్తే చాలు గదా, ఈ పని ఒక్కటి ఒప్పుకున్నాం గదా. ఇట్లాగే నడిచింది. ఈలోగా నాకు నెల్లూరులో డెస్కు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో చూపించిన కత్తిరింపుల్లో అన్నిటికంటే పైన పెట్టింది 'సమ్మెటకు సెలవు'. ఒకరోజు పెదనాయన ఫోన్ చేశాడు. "మీ పెద్దమ్మ చెయ్యి పైకి లేవడం లేదురా," అన్నాడు. డాక్టరు చెప్పింది చెప్పినట్టే జరిగింది. రొమ్ము దాకా వస్తుంది, అన్నం తినడానికి సరిపోతుంది. ఆ వారమే పెదనాయన ఎవరినీ అడక్కుండా ఫ్రేము దించి, ప్రెస్సును లారీ ఎక్కించి ఆత్మకూరు పంపేశాడు. మిషన్ల మామ దగ్గర ఆ పాత హ్యామర్ ఇంకా ఉంది. అది వచ్చి కూర్చుంది. మొదటి రోజే చాకు పట్టీ దాని కింద వెన్నలా సాగిందట. ఊరిలో ఒక్కరు కూడా ఎందుకు మార్చారని అడగలేదు. నా వార్త ఎవరికీ గుర్తు లేదు. పెద్దమ్మ గడపలో కూర్చుని చూస్తూ ఉండేదట. నేను ఆమె నోట పెట్టిన మాట ఆ రకంగా నిజమైంది.

కిందటి నెలలో ఒక పెళ్లికని ఉదయగిరి పోయాను. పొద్దున్నే ఇంటికి పోతే, వీధి అరుగు మీద పెద్దమ్మ ముందు కూర్చుని ఉంది. వెనక మెట్టు మీద పెదనాయన, నోట్లో దువ్వెన కరిచిపెట్టుకుని, ఆమె జుట్టు చిక్కు తీస్తున్నాడు. చెయ్యి తలదాకా పోదు కాబట్టి ఇన్నేళ్లుగా ఆయనే తల దువ్వి ముడి వేస్తున్నాడని నాకు తెలియదు. అట్టే అడిగే అలవాటు మా ఇంట్లో నాకెప్పుడుంది గనక! ఇనుము పట్టి పట్టి కాయలు కాసిన ఆ వేళ్లు వెంట్రుకల్లో చాలా భయంభయంగా తిరుగుతున్నాయి. వీధిలో పోయేవాళ్లు చూస్తూనే పోతున్నారు. ఆయన ఏదీ దాచే ప్రయత్నం చేయడం లేదు.

"మెల్లిగా లాగయ్యా, అది వెంట్రుక. కమాన్ పట్టీ కాదు."

"గమ్మునుండుమే. ఈడ చిక్కుబడుండాది."

"నువ్వు దువ్వితేనే చిక్కుపడతాది."

నేను చూస్తూ నిలబడ్డాను. నాకు తెలియకుండానే నవ్వుతున్నట్టున్నాను. పెద్దమ్మ కనిపెట్టింది. "ఏం అబ్బయా, నవ్వుతుండావు? దీన్ని గూడా పేపర్లో రాస్తావా ఏంది?"

"రాయన్లే పెద్దమ్మా."

"ఏం?"

"రాస్తే పెదనాయన ఇంక మానుకునేదానికి ఉండదు."

పెదనాయన దువ్వెన కరిచిపెట్టిన నోటితోనే ఏదో గుర్రుమన్నాడు. పెద్దమ్మ ఒళ్లో పెట్టుకున్న కుడిచేతిని ఎడంచేత్తో నిమురుతూ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ఆలోచించేదాకా నేను ఆగాను. అది నాకు కొత్త.

"అయితే రాయి," అంది. "ఫోటో మాత్రం వెయ్యబాక."

అందుకని రాశాను. ఇన్నేళ్ల విలేఖరి పనిలో ఆమెను అడిగి రాసింది ఇదొక్కటే, అందులో ఆమె అనని మాట ఒక్కటీ లేదు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాడి చేతికి దీన్ని ఇస్తే, పెన్ను తీసి, చివర్లో పట్టు లేదని ఆమె చేత ఇంకేదో ఒక మంచి మాట అనిపించేవాడు.